తడిసిన చొక్కా చేయి

బర్రు... బర్రు... బర్రు...

గుమ్మం బయట చెప్పులు విడుస్తున్న కోడలికి ముందుగా వినిపించింది ఆ చప్పుడే. ఇంటి వెనక స్నానాలగదిలో ఎవరో బ్రష్షుతో బట్టను రుద్దుతున్నారు. మురికి వదిలించే రుద్దుడు కాదది, కసి తీర్చుకునే రుద్దుడు. ఆమె గడప దాటగానే చప్పుడు ఆగిపోయింది.

“ఎవరూ?” తలుపు చాటునుంచి ఆడపడుచు గొంతు.

“నేనే వదినా.”

“అప్పుడే లోపలికి వచ్చేశావా? బయట కుళాయి దగ్గర చేతులు కడుక్కుని రమ్మని నిన్ననేగా చెప్పాను!”

“ల్యాబులో కడుక్కునే వచ్చాను.”

“ల్యాబులో కడిగిన చేతుల్నే తల్లీ, మళ్ళీ కడగమంటున్నది.”

కోడలు వెనక్కి తిరిగి, కుళాయి విప్పి, మోచేతుల దాకా కడుక్కుంది. నీళ్ళ చప్పుడు మాటున బ్రష్షు మళ్ళీ మొదలైంది.

ముందుగదిలో, కిటికీ పక్క బల్ల దగ్గర మామగారు కూర్చుని ఉన్నారు. ఊళ్ళో సగం మణికట్లకు కాలం దిద్దిన చేయి ఆయనది. కంటికి భూతద్దం తగిలించుకుని, వీపు విప్పిన వాచీ మీదికి వంగి, సన్నటి మరలు పట్టే శ్రావణాన్ని ఎడమచేత్తో పట్టుకుని ఉన్నారు. కుడిచేయి మాత్రం తనది కానట్టు బల్ల మీద ఓ పక్కన పడి ఉంది. చూపుడువేలు వాచి, ఊదారంగు తిరిగి, కణుపు దగ్గర పుండై మానక నిలిచింది. అక్కడినుంచి మణికట్టు దాటి ముంజేతి దాకా గడ్డలు, చర్మం కింద ఎవరో పూసలు గుచ్చినట్టు ఒకదాని వెనక ఒకటి.

శ్రావణం పట్టు తప్పింది. వాచీలోని మరమేకు జారి నేల మీద పడింది. టిక్కుమన్న ఆ చిన్న చప్పుడుకి, పక్కనే కాపడం గుడ్డ పిండుతున్న అత్తగారు కళ్ళు మూసుకున్నారు.

“వదిలెయ్యండి. రేపు ఆసుపత్రిలో చేరాల్సిన మనిషి, ఇప్పుడీ వాచీ ఎందుకు మీకు?”

“రేపు చేరాలి కాబట్టే,” అన్నారు మామగారు. “ఎల్లుండి నుంచి ఈ వేలుండదు కదా. ఉన్నప్పుడే ఒకటి ముగిద్దామని.”

ఎడమచేత్తోనే ముగించాలని చూస్తున్నారన్న సంగతి ఎవరూ ఎత్తలేదు.

“చివరి రిపోర్టు ఇవాళైనా వచ్చిందా?” గోడవారగా నిలబడిన భర్త అడిగాడు. బడిలో డ్రాయింగు మాస్టారు. ఇంట్లో గొడవైనప్పుడల్లా గోడకి వేసిన బొమ్మలాగే ఉంటాడు.

“వచ్చింది. వేలినుంచి తీసిన ముక్కలో ఏ క్రిమీ పెరగలేదని. క్రిమి లేదంటే కణజాలమే చెడి పాకుతోందని సర్జను అనుమానం. అందుకే వేలు తీసెయ్యాలంటున్నారు,” అంది కోడలు.

“పెరగదు!” చేతులు తుడుచుకుంటూ ఆడపడుచు వచ్చింది. “ఎలా పెరుగుతుంది? ముక్క వెళ్ళింది ఎవరి ల్యాబుకి? దొంగే స్టేషన్లో రైటరైతే ఫిర్యాదు రాసుకుంటాడా?”

“అక్కా...”

“నువ్వుండరా. క్షయ పురుగుల్ని గాజు గొట్టాల్లో పెంచే ఉద్యోగం నాదా, మీ ఆవిడదా? కోళ్ళు పెంచేవాళ్ళ ఇంట్లో ఎక్కడో ఓ మూల ఈక కనబడుతుందా లేదా? ఆ ఈకే నాన్న చేతిమీద మొలిచింది.”

“వదినా, మేము తొడుగులు వేసుకుంటాం, కోటు అక్కడే వదిలి...”

“కోటు వదిలావు. జుట్టు వదిలావా? గోళ్ళు వదిలావా?”

కోడలు ఇదివరకైతే గట్టిగా జవాబు చెప్పేది. ఇవాళ చెప్పలేకపోయింది.

ఎందుకంటే ఇవాళ మధ్యాహ్నమే ఆమె తన సొరుగు తెరిచి చూసింది.

మామగారి వేలి ముక్క అని తెలియగానే, సొంతవాళ్ళ నమూనా ముట్టుకోవద్దని పెద్ద మేడమ్ ఆమెను ఆ పనినుంచి తప్పించింది. తప్పించే ముందే, ఒక గొట్టాన్ని ఆమె తీసి దాచింది. నల్లకాగితం చుట్టి, సొరుగులో తువ్వాలు కింద. ల్యాబు క్రిమే మామగారి వేలికి చేరిందేమో అన్న భయం ఆడపడుచు కంటే ముందే ఆమెకు పుట్టింది. అదే నిజమైతే అందరికంటే ముందు తనకే తెలియాలనుకుంది.

వెచ్చని పెట్టెలో పెట్టిన మిగతా గొట్టాలన్నీ ఖాళీగా ఉన్నాయి. సొరుగులోది ఖాళీగా లేదు. అడుగున మీగడ రంగులో ఏదో పెరిగింది. ల్యాబులో వాళ్ళు పెంచే క్రిమిదీ ఇంచుమించు ఆ రంగే. అంతలో వరండాలో మేడమ్ అడుగుల చప్పుడు. కాగితం విప్పిన గొట్టాన్ని అలాగే బల్లదీపం కింద సీసాల వెనక్కి నెట్టి, దీపం ఆర్పకుండానే ఇంటికి వచ్చేసింది.

ఆ మీగడ రంగు ఇంకా ఆమె కళ్ళ ముందే ఉంది.

“చూశారా, మాట లేదు,” అంది ఆడపడుచు.

కిటికీ ఊచల మీద పసుపు ముక్కు పిట్ట ఒకటి వాలి, గొంతు మార్చి మార్చి కూసింది. ఆడపడుచు రెండు చేతులూ చరిచింది. పిట్ట ఎగిరిపోయింది. మామగారు భూతద్దం తీయకుండానే అది వెళ్ళిన వైపు తల తిప్పారు.

ఈ ఇంటికి వచ్చిన కొత్తలో, ఆ పిట్టను మీరు ఏమంటారని కోడలు అత్తగారిని అడిగింది. అత్తగారు వంటింట్లోకి వెళ్ళిపోయారు. తరువాత భర్త చెప్పాడు: ఈ ఇంట్లో పలకకూడని పేరు ఒకటుంది. పెద్దకొడుకు చిన్నప్పుడు నోరు మూయకుండా వాగేవాడని తండ్రి ముద్దుగా ఆ పిట్ట పేరు పెట్టాడు. అసలు పేరు అందరూ మరిచిపోయారు, పిట్ట పేరే నిలిచింది. పెద్దయ్యాక అతను జీపు నడిపేవాడు. ఓ రోజు ఆ జీపు బోల్తా పడింది. పక్క సీట్లో ఉన్న ఆడపడుచు భర్త పోయాడు, నడిపినవాడు బతికాడు. నుదుటి మీద గాయం కూడా లేకుండా బతకడమే ఆడపడుచు క్షమించలేకపోయింది. ఆ పేరు వినబడితే ఈ ఇంట్లో ఉండనంది. వినబడదని తండ్రి మాటిచ్చాడు, పెద్దకొడుకు ఇల్లు వదిలి వెళ్ళాడు.

అప్పటినుంచి ఆ పిట్టకు కూడా ఈ ఇంట్లో పేరు లేదు.

భోజనాలప్పుడు కోడలి కంచం విడిగా స్టూలు మీద కనిపించింది. ఎవరు పెట్టారో ఎవరూ చెప్పలేదు. ఆమె అక్కడే కూర్చుని తింది.

గదిలోకి వచ్చాక భర్త తలుపు వేశాడు. గోడ వైపు తిరిగాడు.

“ఒక మాట అడుగుతాను. కోప్పడకు. పొరపాటున... నీకు తెలియకుండా... ఏమైనా...”

“మీరూనా?”

“అడిగితే తప్పా?”

“అడగడం తప్పు కాదు. గోడని చూస్తూ అడిగారు చూడండీ, అది తప్పు.”

దీపం ఆరిపోయింది. ఇద్దరూ నిద్ర నటించారు.

*

పొద్దున్నే మామగారు ఎప్పటిలాగే నడకకు వెళ్ళారు. ఆసుపత్రిలో చేరే రోజున కూడా. “గాలి పీల్చుకుని వస్తా,” అన్నారు. వీధి మలుపులో ఒకసారి వెనక్కి తిరిగి, ఎవరైనా చూస్తున్నారేమో అన్నట్టు చూశారు.

చూస్తున్నది కోడలొక్కతే.

ల్యాబుకు బయలుదేరుతూ ఆమె పెరటి తీగ కింద ఆగింది. మామగారి చొక్కా ఆరుతోంది. నీలిరంగు చొక్కా. ఎడమచేయి కొత్తదానిలా ఉంది. కుడిచేయి మోచేతి దాకా వెలిసి, రుద్దిరుద్ది పోగులు తేలింది. వేలికి పుండు కదా, రసి అంటి ఉంటుందిలే అనుకుంది. నాలుగడుగులు వేశాక మళ్ళీ ఆలోచన వచ్చింది. రసి అంటేది అంచుకి. మోచేతికెందుకు అంటుతుంది?

ల్యాబులో సీసాల వెనకనుంచి గొట్టాన్ని తీసి, ఆమె దీపానికి ఎదురుగా ఎత్తిపట్టింది.

నిన్నటి మీగడ రంగు లేదు. రాత్రంతా దీపం వెలుగు తాగి, గొట్టంలో పెరిగినది నిమ్మపండులా పచ్చబడింది.

“ఏమిటది?”

సూదిమేడమ్ వెనకే నిలబడి ఉంది. చూపు గుచ్చుకుంటుందని పెద్ద మేడమ్‌కి ల్యాబులో పిల్లలు పెట్టిన పేరది. మేడమ్‌కూ తెలుసు, కాదనలేదు.

“మా మామగారి ముక్క, మేడమ్.”

“ఆ ముక్కలన్నీ నా దగ్గరున్నాయి.”

“ఒకటి... నేను దాచాను.”

“ఎందుకు?”

“మన క్రిమే అయితే, ముందుగా నాకు తెలియాలని.”

“తెలిస్తే? చెప్పేదానివా, మాయం చేసేదానివా?”

కోడలు తల ఎత్తి చూసింది. “నిజంగా తెలీదు మేడమ్.”

మేడమ్ గొట్టాన్ని అందుకుని కిటికీకి ఎదురుగా పట్టుకుంది. తిప్పింది. కళ్ళజోడు పైకి నెట్టి మళ్ళీ తిప్పింది.

“నిన్న ఏ రంగు?”

“మీగడ రంగు.”

“చీకట్లో మీగడ. వెలుగు తగిలితే పసుపు.” మేడమ్ ముఖంలో సూది కాస్త మొద్దుబారింది. “బతికిపోయావు. మన పెట్టెల్లోని క్షయక్రిమిని ఎండలో కూర్చోబెట్టినా రంగు మారదు. ఇది దానికి దూరపు చుట్టంలా ఉంది, నీటి చుట్టం. చేపలకి పడుతుంది. చేపల తొట్టి గోడల్ని పట్టుకుని ఉంటుంది. చేతిమీద గీత పడినవాళ్ళెవరైనా ఆ నీళ్ళలో చెయ్యి పెడితే, గీతలోంచి లోపలికి దూరుతుంది. ఒంటి లోపలి వేడి దానికి గిట్టదు. అందుకే చల్లగా ఉండే చేతుల మీదే పాకుతుంది.”

“కాపడం పెడితే హాయిగా ఉందంటారు మేడమ్!”

“ఉండదూ మరి? మీ అత్తగారి వేడిగుడ్డకి అది ముడుచుకుంటోంది. మనమేం చేశాం? మనిషి ఒంటి ముక్క అనగానే, అలవాటు కొద్దీ మనిషి ఒంటి వేడిలోనే పొదిగాం. ఉడికి ఊరుకుంది. నీ దొంగ సొరుగు చల్లగా ఉంది కాబట్టి పెరిగింది.”

“అయితే సర్జను గారికి ఫోను చేయండి మేడమ్! ఇవాళే చేరుస్తున్నారు.”

“ఏమని చేయను? తువ్వాలు కింద దొరికిన గొట్టం అనా? నీ సొరుగు దుమ్ము మొలిచిందంటాడు. నేనైనా అదే అంటాను. మళ్ళీ ముక్క తీసి చల్లగా పెంచాలంటే వారాలు పడుతుంది, అంతదాకా ఆయన ఆగడు.” మేడమ్ గొట్టాన్ని ఇనుప స్టాండులో నిలబెట్టింది. “ఒక్క మాట ఉంటే ఆగుతాడు. ఈ మనిషి ఫలానా చోట, ఫలానా చేపల నీళ్ళలో చెయ్యి ముంచాడన్న మాట. ఆ నీళ్ళు కూడా పట్టుకురా, పరీక్షిద్దాం. అప్పుడు కత్తి పక్కన పెట్టి మందులు మొదలుపెడతాడు. నెలల తరబడి మింగాలి. కానీ వేలు వేలుగానే ఉంటుంది.”

“మా ఇంట్లో చేపలు లేవు మేడమ్.”

“అయితే ఇంకెవరింట్లోనో ఉన్నాయి. వెళ్ళి అడుగు. దొంగతనం సంగతి తరువాత మాట్లాడదాం, నేను మరిచిపోను.”

*

ఆమె ఇల్లు చేరేసరికి మామగారి సంచి సర్ది ఉంది. దుప్పటి, తువ్వాలు, మంచినీళ్ళ సీసా. అత్తగారు సంచి జిప్పు వేస్తూ, తీస్తూ, మళ్ళీ వేస్తూ ఉన్నారు. భర్త ఆటోకి ఫోను చేస్తున్నాడు.

“ఆగండి,” అంది కోడలు. చెప్పులు కూడా విడవలేదు. ఊపిరి ఆడనంత వేగంగా చెప్పుకుపోయింది: గొట్టం, రంగు, నీళ్ళు, చేపలు. భర్త ఫోను దించాడు. అత్తగారి చేయి జిప్పు మీద ఆగింది.

“అంటే వేలు తీయక్కర్లేదా?”

“ఆ నీళ్ళు ఎక్కడివో తెలిస్తే తీయక్కర్లేదు అత్తయ్యా.”

పెరటి గుమ్మంలో ఆడపడుచు ఉంది. తీగ మీది చొక్కా తీసుకుని, మడత పెట్టుకుంటూ వచ్చి అక్కడే నిలిచింది.

“రోజుకో కథ,” అంది. “నిన్న క్రిమే లేదు. ఇవాళ చేప క్రిమి. రేపు ఏనుగు క్రిమి అంటుంది.”

కోడలు ఆమె వైపు చూడలేదు. బల్ల దగ్గరికి వెళ్ళి, మామగారి కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

“మామయ్యా. చేపల తొట్టిలో ఎక్కడైనా చెయ్యి పెట్టారా?”

“చేపలా?” ఆయన నవ్వబోయారు. “వాచీల్లో చేపలుంటాయా అమ్మా?”

“పొద్దున్నే ఎక్కడికి వెళ్తున్నారు?”

“నడకకి.”

“ఎటువైపు?”

“అటే... పార్కు వైపు.”

“పార్కు రోడ్డు తవ్వేశారు కదా నాన్నా,” అన్నాడు భర్త మెల్లగా. “నెలయింది. మనుషులు వెళ్ళడానికి లేదు.”

మామగారు బల్ల మీది భూతద్దం అందుకున్నారు.

“ఏమిటండీ ఇది?” అత్తగారు సంచి వదిలి వచ్చారు. “నాకు చెప్పని చోటు మీకేముంది?”

“ఏమీ లేదే. వేలే కదా, తీసెయ్యమను. ఇంకా తొమ్మిదుంటాయి.” ఆయన కుడిచేతిని ఒళ్ళోకి తీసుకున్నారు. “ఆటోని పిలవరా.”

“ఆ చోటు పేరు చెప్పడం కంటే వేలు పోగొట్టుకోవడమే తేలికా మామయ్యా?”

ఆయన కుడిచేతిని ఇంకా దగ్గరికి లాక్కున్నారు. కానీ చూపు ఒక్కసారి ఎగిరింది. భార్య వైపు కాదు, కొడుకు వైపు కాదు. పెరటి గుమ్మం వైపు ఎగిరి, అక్కడున్న మనిషిని తాకి, భయపడ్డట్టు వెనక్కి వాలింది.

కోడలు ఆ చూపు వెంటే తల తిప్పింది.

ఆడపడుచు చేతిలో చొక్కా ఉంది. మడతలో కుడిచేయి పైకి వచ్చింది. వెలిసిన చేయి, పోగులు తేలిన చేయి.

కోడలు లేచింది. నెమ్మదిగా వెళ్ళి, ఆ చొక్కా చేతిని రెండు వేళ్ళతో పట్టుకుంది.

“వదినా. ఈ చొక్కాకి ఒక్క చేయే ఎందుకు వెలిసింది?”

“పాత చొక్కా.”

“రెండు చేతులూ ఒకసారే కొన్నారు కదా.”

“ఏంటీ, నన్నే ప్రశ్నలు వేస్తున్నావా?”

“మామయ్య బట్టలు అత్తయ్యని ఎందుకు ముట్టుకోనివ్వరు మీరు? రోజూ తలుపు వేసుకుని, ఒక్క చేతినే రుద్దీ రుద్దీ... దేన్ని వదిలిస్తున్నారు వదినా?”

“వదులు చొక్కా!”

“మీకు తెలుసు.”

ఆ మాట కోడలు గట్టిగా అనలేదు. గట్టిగా అని ఉంటే ఆడపడుచు అంతకంటే గట్టిగా అరిచి గెలిచేది. మెల్లగా అన్న మాటకు ఆమె చేతిలో చొక్కా పట్టు సడలింది. గుమ్మంలోనే, గడప మీదే కూర్చుంది.

“పాచి వాసన,” అంది చివరికి, ఎవరితోనూ కాకుండా. “మొదట్లో వర్షంలో తడిశాడేమో అనుకున్నాను. వర్షం ఒక్క చేతినే తడుపుతుందా? తరువాత ఓ రోజు మడతలో ఏదో మెరిసింది. గోరంత ఉంది. నారింజ రంగు పొలుసు. కుళాయి కింద పెట్టి వదిలేశాను.”

“ఎందుకే?” అన్నారు అత్తగారు.

“నువ్వు చూస్తే అడుగుతావు. అడిగితే నేను చెప్పాలి.” ఆమె కోడలి వైపు తల ఎత్తింది. ఆ కళ్ళలో ఇన్నాళ్ళ కసి లేదు. దాని వెనక దాగినదేదో ఉంది. “నీ ల్యాబుదే అయ్యుండాలని రోజూ కోరుకున్నాను. నీదే అయితే, ఇంకెవరిదీ కానక్కర్లేదు కదా.”

“అమ్మా, వద్దు,” మామగారు కుర్చీలోంచి సగం లేచారు. “నేను నీకు మాటిచ్చాను.”

“ఇచ్చావు. ఇచ్చి, రోజూ వెళ్ళావు.”

“తొట్లు బరువు తల్లీ. వాడొక్కడే ఎత్తలేడు. ఓ మాట లేదు, ఓ పలుకు లేదు మా మధ్య. నేను గోడలు తోముతాను, వాడు నీళ్ళు పోస్తాడు. అంతే. ప్రమాణం చేస్తాను, పేరు పెట్టి కూడా పిలవలేదు.”

ఆడపడుచు కొంగుతో ముఖం తుడుచుకుంది.

“జీపు తాళాలు మళ్ళీ ముట్టుకోలేదట,” అంది. “బస్టాండు వెనక సందులో రంగుచేపలు అమ్ముకుంటున్నాడు. నేనూ చూశాను. ఆ వీధిలోకి వెళ్ళనని అందరికీ చెప్పి, మలుపులో నిలబడి చూశాను.”

భర్త ఫోను మోగింది. ఆటోవాడు. ఎవరూ ఎత్తలేదు.

“ఎవరే?” అన్నారు అత్తగారు. తెలియక కాదు. ఆ చెవులు ఆ మాట కోసం ఏళ్ళుగా ఆకలితో ఉన్నాయి. “ఎవర్నే నువ్వు చూసింది?”

ఆడపడుచు తండ్రి చేతిని చూసింది. ఊదారంగు వేలిని, మోచేతి వైపు పాకుతున్న పూసల్ని చూసింది. గొంతు సవరించుకుంది. పలికి పలికి అరిగిన మాట కాదది, పలకక తుప్పుపట్టిన మాట.

“గోరింక.”